డాక్టర్ సలహా: సముద్రపు గాలిలో ఎండ తెలియదు, కాలాకే తెలుస్తుంది

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, మాది హనుమకొండ. జూన్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి రామేశ్వరం దగ్గర కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ల మీద జారే ఆట) నేర్చుకోవడానికి ఐదు రోజులు వెళ్తున్నాను. మొటిమలకు రెండు నెలలుగా డాక్సీసైక్లిన్ 100 ఎంజీ వేసుకుంటున్నాను. కాంటాక్ట్ లెన్సులు వాడతాను. ఎండ మనకు కొత్త కాదు గానీ, బ్యాగులో ఏయే మందులు, క్రీములు పెట్టుకోవాలో చెప్పండి.

జవాబు: ఎండ మనకు కొత్త కాదు అన్నారు చూడండి, నా భయమంతా ఆ మాటతోనే. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు కొడుతుంటే మొహానికి దస్తీ కట్టుకోనిదే బండి తీయం, పన్నెండు దాటితే పనున్నా సాయంత్రానికి వాయిదా వేసుకుంటాం, ఎందుకంటే ఆ వేడే మనల్ని ఇంట్లోకి తరుముతుంది. రామేశ్వరంలో అలా తరిమేది ఉండదు. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ నైరుతి గాలి గట్టిగా వీస్తుంది, మీరు వెళ్లేదీ ఆ గాలి కోసమే కదా, ఒళ్లు ఎప్పుడూ తడిగా ఉంటుంది, మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా హాయిగా అనిపిస్తుంది. కానీ చర్మాన్ని కాల్చేవి అతినీలలోహిత కిరణాలు. చల్లగాలి వాటిని ఆపదు. పైగా నీళ్ల మీద, ఇసుక మీద పడి కింది నుంచి కూడా తగులుతాయి.

ఇలాగే నేర్చుకుని వచ్చిన ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. చెప్పులు విప్పితే రెండు పాదాల మీదా అడ్డంగా మూడు వేళ్ల వెడల్పున చర్మం మామూలుగా ఉంది, బోర్డుకు పాదం దూర్చే పట్టీ ఉన్న చోటు అది. దానికి అటూ ఇటూ ఎర్రగా కమిలిపోయి నీటి బుడగలు. మొహానికి శ్రద్ధగా క్రీము రాసుకున్నాడు, పాదాలకు కూడా రాయాలని తెలియదు సార్ అన్నాడు. వారం రోజులు బూటు వేసుకోలేకపోయాడు.

మీ విషయంలో ఇంకో చిక్కుంది, మీరు వేసుకుంటున్న మాత్ర. డాక్సీసైక్లిన్ వాడేవాళ్లలో కొందరికి చర్మం ఎండను అసలు ఓర్చుకోదు, మామూలుగా గంటసేపు నిలబడితే కాలేది కాసేపటికే మండుతుంది, కొందరికి గోరు కింది చర్మం దెబ్బతిని గోరు లేస్తుంది కూడా. మొటిమలకు వాడే మాత్ర కాబట్టి కొన్ని రోజులు ఆపినా చాలామందికి ఇబ్బంది ఉండదు, కానీ ఆపాలా, ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నది మీ చర్మ డాక్టరునే అడగండి. మాత్ర ఒంట్లోంచి పోవడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి రైలెక్కే ముందురోజు ఆపితే లాభం లేదు. ఇదే మాత్రను ఏదైనా ఇన్‌ఫెక్షన్‌కు వాడుతున్నవాళ్లు మాత్రం సొంతంగా ఆపొద్దు. రాత్రిపూట మొటిమలకు అడాపలీన్ లాంటి జెల్ రాస్తుంటే దాని గురించి కూడా అప్పుడే అడగండి.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 50, పీఏ పక్కన నాలుగు ప్లస్‌లు ఉన్నది, వాటర్ రెసిస్టెంట్ అని రాసి ఉన్నది కొనండి. డాక్సీసైక్లిన్ వాడేవాళ్లకు ఎక్కువ కీడు చేసేది అతినీలలోహిత కిరణాల్లో యూవీఏ అనే రకం, దాన్ని క్రీము ఎంత ఆపుతుందో చెప్పే లెక్కే పీఏ. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా గీత గీసినంత క్రీము మొహానికీ మెడకూ కావాలి, మనలో చాలామంది అందులో పావు వంతు కూడా రాయరు. నీళ్లలో దిగడానికి ఇరవై నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి బయటికి వచ్చి తుడుచుకుని మళ్లీ రాయాలి. చెవుల వెనక, గడ్డం కింద, మోకాళ్ల వెనక, పాదాల మీద మర్చిపోవద్దు. 50 ఎంఎల్ ట్యూబులు మీ ఒక్కరికే కనీసం రెండు పెట్టుకోండి, నలుగురికి ఒకటి అంటే రెండో రోజే అయిపోతుంది. పెదాలకు ఎస్‌పీఎఫ్ ఉన్న బామ్ వేరే.

అయినా క్రీము కన్నా బట్టను ఎక్కువ నమ్ముతాను. ఫుల్ స్లీవ్స్ లైక్రా టీషర్టు, కాళ్లకు అలాంటిదే పొడవు టైట్స్ తీసుకోండి. కాటన్ బనియన్ తడిసిందంటే ఎండను పెద్దగా ఆపదు. పాదాలకు నియోప్రీన్ (నీళ్లలో వాడే మెత్తటి రబ్బరు) బూట్లు ఉంటే ఎండకూ, గవ్వలు, రాళ్లు కోయకుండానూ పనికొస్తాయి.

లెన్సులు పెట్టుకుని సముద్రంలో దిగొద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే క్రిమి లెన్సు కింద చేరితే నల్లగుడ్డు పుండు పడి చూపే పోవచ్చు. పవర్ ఉన్న చలువ కళ్లద్దాలు చేయించుకుని వెనక తాడు కట్టుకోండి.

చెమట పట్టినట్టు తెలియదు కాబట్టి దాహం కోసం ఆగకండి. ఓఆర్ఎస్ పౌడర్ ప్యాకెట్లు రోజుకు రెండు లెక్కన పెట్టుకోండి, లీటరుది లీటరు నీళ్లలోనే కలపాలి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్నది చూసి కొనండి, ఆ ఫార్ములా లేని డ్రింకులు ఓఆర్ఎస్ పేరు పెట్టుకోకూడదని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా. ఉప్పేసిన మజ్జిగ దొరికితే తాగండి. మూత్రం ముదురు పసుపులో వస్తుంటే నీళ్లు చాలట్లేదన్నమాట. ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ చాలు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వేసుకుంటే కిడ్నీల మీద పడుతుంది.

ఇవి కాక అయోడిన్ ఆయింట్‌మెంట్, బ్యాండేజీ, చిన్న పట్టకారు. జెల్లీఫిష్ తగిలితే సముద్రపు నీళ్లతోనే కడిగి, పోగులు పట్టకారుతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచండి. ఇసుకతో రుద్దడం, మూత్రం పోయడం వద్దు. ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా వెంటనే ఆస్పత్రికి. టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే టీకా) వేయించుకుని పదేళ్లు దాటితే వెళ్లే ముందే ఇంజెక్షన్ తీసుకోండి.

మీలో ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, పొంతన లేకుండా ప్రవర్తించినా అలసట అనుకోవద్దు, అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి ఒంటి మీద ధారగా నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి, తమిళనాడులోనూ అదే నంబరు.

ఊళ్లో బావిలో నేర్చుకున్న ఈత వచ్చు కదా అని లైఫ్ జాకెట్, హెల్మెట్ వద్దనకండి. మందులూ క్రీములూ పార్కింగులో ఎండలో ఉన్న కారులో వదలొద్దు, ఆ వేడికి పాడవుతాయి. చర్మ డాక్టరు అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి, కళ్లద్దాల ఆర్డరు కూడా, అవి చేసిచ్చేసరికి కొన్ని రోజులు పడుతుంది.