తాళం లేని ఈ-రీడర్ వల్ల మామూలు పాఠకుడికి ఏం లాభం?

ప్రోగ్రామింగ్ తెలియని మామూలు పాఠకుడికి ఓపెన్ సోర్స్ ఈ-రీడర్ వల్ల, అంటే లోపలి ప్రోగ్రామును ఎవరైనా చూసి మార్చుకోగల ఈ-పుస్తకాల పరికరం వల్ల, ఒరిగేదేమిటని అడిగారు. ఇంగ్లీషు చదివేవారి సంగతి నాకు పట్టదు గానీ, తెలుగు చదివేవారికి ఆ స్వేచ్ఛ లేకపోతే అక్షరమే దక్కదని మా నాన్నగారి పుణ్యమా అని తెలుసుకున్నాను.

ఆయన తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. అచ్చు పుస్తకాల్లోని సన్న అక్షరాలు కళ్ళకు ఆనడం లేదంటే, పేరున్న ఒక కంపెనీ ఈ-రీడర్ కొని, పది తెలుగు పుస్తకాలు ఎక్కించి ఇచ్చాను. మరునాడు పొద్దున్నే ఫోను చేసి, "ఒరేయ్, ఇందులో వత్తులన్నీ ఊడిపోయాయిరా" అన్నారు. వెళ్ళి చూస్తే 'విద్య' కాస్తా 'విద్‌య' అయింది, 'అమ్మ' 'అమ్‌మ' అయింది. పేజీ నిండా పొల్లులే. ముప్ఫయ్యేళ్ళు పిల్లలచేత వత్తులు దిద్దించిన మనిషి, "ఇది చదవడం కాదు, కూడబలుక్కోవడం" అని దాన్ని పక్కన పెట్టేశారు. కంపెనీకి రెండుసార్లు ఉత్తరం రాస్తే, తమ పరికరంలో తెలుగుకు సదుపాయం లేదని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు. 2016 చివర్లో అమెజాన్ వారు కిండిల్ అనే తమ ఈ-రీడర్ పుస్తకాల దుకాణంలో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు చోటిచ్చినప్పుడు కూడా తెలుగు గడప బయటే నిలబడింది.

అదృష్టవశాత్తూ ఆ పరికరంలో కేఓరీడర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును పెట్టుకునే దారి ఉంది. కంప్యూటరుకు తగిలించి, ఆ ప్రోగ్రామును కాపీ చేసి, దాని ఫాంట్ల ఫోల్డరులో మండలి అనే తెలుగు ఫాంటు వేశాను. అయినా వత్తులు అతుక్కోలేదు. గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది, పేజీ త్వరగా తిరుగుతుందన్న ఆశతో అక్షరాల కూర్పును నిర్ణయించే 'కెర్నింగ్' అన్న సెట్టింగులో 'ఫాస్ట్' అని పెట్టినవాణ్ణి నేనేనని. దాన్ని 'బెస్ట్'కు మార్చగానే హార్ఫ్‌బజ్ అనే, అక్షరాలకు వత్తులు జతచేసే భాగం పనిలోకి దిగి, వత్తులు తమ తమ అక్షరాల కింద బుద్ధిగా కూర్చున్నాయి. నాన్నగారు అద్దాలు తీసి తుడుచుకుని, 'రాష్ట్రం'లో టవత్తు, రవత్తు రెండూ ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకున్నారు.

కంపెనీలు పుస్తకాలకూ పరికరాలకూ వేసే డిజిటల్ తాళాల వల్ల పుస్తకాలు పోయే ప్రమాదం గురించి అందరూ చెబుతారు, అదీ నిజమే. 2009 జూలైలో అమెజాన్ వారు జనం డబ్బిచ్చి కొన్న జార్జ్ ఆర్వెల్ నవల '1984' ప్రతులను వాళ్ళ కిండిళ్ళలోంచి చెప్పాపెట్టకుండా చెరిపేసి, తరువాత క్షమాపణ చెప్పుకున్నారు. 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న పుస్తకాన్ని కంప్యూటరులోకి దించుకుని యూఎస్‌బీ ద్వారా ఎక్కించుకునే సౌకర్యాన్నీ తీసేశారు. అయితే నా దృష్టిలో అంతకన్నా పెద్ద నష్టం, చెడిపోయినదాన్ని మనం బాగుచేసుకోలేకపోవడం. కోవిద్ గోయల్ అనే ప్రోగ్రామర్ 2006లో ఈ-పుస్తకాలను సర్దుకోవడానికి, మార్చుకోవడానికి వాడే కాలిబర్ ప్రోగ్రాము మొదలుపెట్టింది కూడా తాను కొన్న సోనీ రీడర్ తన కంప్యూటరును నడిపే ఓపెన్ సోర్స్ వ్యవస్థ లినక్స్‌తో పనిచేయకపోవడం వల్లనే.

మన ప్రచురణకర్తల పాపం కూడా కొంత ఉంది. ఇప్పటికీ చాలామంది ఇంగ్లీషు గుర్తుల స్థానంలో తెలుగు అక్షరాలు చూపే పాత పద్ధతి అను ఫాంట్లలో పేజీలు కట్టి, అన్ని పరికరాలూ తెలుగుగా గుర్తించే యూనికోడ్ ప్రతి దగ్గర ఉంచుకోరు. ఆ ఫైలును ఈ-పుస్తకంగా మారిస్తే తెలుగుకు బదులు అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. అందుకని పీడీఎఫ్ ఇచ్చి చేతులు దులుపుకుంటారు, ఆరంగుళాల తెరమీద దాన్ని చదవడం మళ్ళీ కంటి పరీక్షే.

పరికరం కూడా పూర్తిగా స్వేచ్ఛగా ఉండాలంటే లినక్స్‌తో నడిచే పైన్‌నోట్ లాంటివి ఉన్నాయి గానీ, అవి సరదాగా కుస్తీ పట్టేవారికే. మీరు మాత్రం కొనేముందు కేఓరీడర్ దానిలో నడుస్తుందా లేదా చూసుకోండి, తాళం వేయని ఈపబ్ ఫైళ్ళే (చాలా ఈ-రీడర్లు తెరవగలిగే ఈ-పుస్తక రూపం) కొనండి. కాలిబర్‌లో ఆ ఫైలును తెరిచి దిద్దుకోవచ్చు కూడా. ఈ ముక్క నాన్నగారికి చెప్పినప్పటి నుంచి ఆయన చదువుతూ అచ్చుతప్పులను నోటు పుస్తకంలో రాసి నాకు పంపుతున్నారు. నిన్నటి జాబితాలో పదిహేడు ఉన్నాయి.