లబ్ధిదారుల సంఖ్య జనాభాను మించినప్పుడు

మీ జిల్లాలో పింఛన్లు, రేషన్ కార్డుల్లోని పేర్లు, ఉపాధి హామీ జాబ్ కార్డులు, భవిష్యనిధి ఖాతాలు అన్నీ కలిపితే జనాభాను మించిపోతోందని రాశారు. మీ కూడికలో తప్పు లేదు. కూడినవి ఒకే జాతివి కావు. పింఛను వ్యక్తిది, జాబ్ కార్డు కుటుంబానిది. ఉద్యోగాలు మారిన ఒకే మనిషికి రెండు మూడు భవిష్యనిధి ఖాతాలు ఉండవచ్చు.

ఐక్యరాజ్య సమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో, సామాజిక భద్రత ఎంతమందికి అందుతోందో కొలిచే సూచిక 1.3.1 కింద అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కించేది ప్రయోజనాలను కాదు, కనీసం ఒక నగదు ప్రయోజనం పొందుతున్న లేదా దానికి చందా కడుతున్న మనుషులను, అదీ ఒక్కొక్కరిని ఒక్కసారే. 2023లో ప్రపంచ జనాభాలో అలాంటివారు 52.4 శాతం. రేషన్ బియ్యం నగదు కాదు గనుక దాన్ని విడిగా చూపండి.

ఒక్కొక్కరిని ఒక్కసారే లెక్కించడానికి జాబితాలను పేర్లతో సరిపోల్చకండి (ఇంటిపేరును ఒక్కో కార్యాలయంలో ఒక్కోలా రాస్తారు). అసలు సంఖ్య బయటపడకుండా సంకేతంగా మార్చిన గుర్తింపు సంఖ్యతో కలపండి. అది దొరకకపోతే కుటుంబ సర్వేయే నయం. హారాన్ని కూడా చూసుకోండి: నేటి లబ్ధిదారులను 2011 జనాభాతో భాగిస్తే శాతం ఉబ్బుతుంది. వృద్ధాప్య పింఛనునైతే మొత్తం జనాభాతో కాక, ఆ పథకపు అర్హత వయసు దాటినవారి సంఖ్యతోనే భాగించాలి.