జీమెయిల్‌లో ఉన్న ఫోల్డర్ థండర్‌బర్డ్‌లో ఎందుకు కనిపించదు?

ప్రశ్న: ఆఫీసులో నాలుగు కంప్యూటర్లలో ఒకే జీమెయిల్ ఖాతాను థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌తో వాడుతున్నాం. బ్రౌజర్లో తెరిస్తే 'టెండర్లు', 'బిల్లులు' అనే లేబుల్స్ (థండర్‌బర్డ్‌లో ఇవే ఫోల్డర్లుగా కనిపిస్తాయి) రెండూ ఉన్నాయి. థండర్‌బర్డ్‌లో 'టెండర్లు' అసలు లేదు. 'బిల్లులు' ఉంది గానీ, దాని మీద క్లిక్ చేసేదాకా కొత్త మెయిల్ వచ్చినట్టే తెలియదు. పాత మెయిల్స్ కూడా కొన్ని లేవు. 'రిపేర్ ఫోల్డర్' నొక్కమంటున్నారు. నొక్కవచ్చా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీరు చెప్పినవి మూడు వేర్వేరు సమస్యలు. వాటిలో రెండింటికి రిపేర్‌తో పనే లేదు.

ముందుగా 'అకౌంట్ సెట్టింగ్స్'లో 'సర్వర్ సెట్టింగ్స్' తెరిచి, ఖాతా ఐమ్యాప్‌దో (మెయిల్స్‌ను సర్వర్లోనే ఉంచి అన్ని ఫోల్డర్లనూ చూపే పద్ధతి) పాప్‌దో (మెయిల్స్‌ను కంప్యూటర్లోకి దించుకునే పాత పద్ధతి) చూడండి. పాప్ అయితే ఇన్‌బాక్స్ తప్ప వేరే ఫోల్డర్లు రావు. దాన్ని ఐమ్యాప్‌గా మార్చే వీలు లేదు, ఖాతాను కొత్తగా చేర్చుకోవాలి: సర్వర్ ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్ట్ 993, కనెక్షన్ భద్రత ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, లాగిన్ పద్ధతి ఓఆథ్2.

ఐమ్యాపే అయితే 'టెండర్లు' రెండుచోట్ల ఆగిపోయే అవకాశం ఉంది. బ్రౌజర్లో జీమెయిల్ సెట్టింగ్స్‌కి వెళ్లి, 'లేబుల్స్' ట్యాబ్‌లో ఆ పేరు పక్కన 'షో ఇన్ ఐమ్యాప్' టిక్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే థండర్‌బర్డ్‌లో ఎంత వెతికినా దొరకదు. టిక్ పెట్టాక థండర్‌బర్డ్‌లో ఖాతా పేరు మీద రైట్ క్లిక్ చేసి, 'సబ్‌స్క్రైబ్' తెరిచి, 'రిఫ్రెష్' నొక్కి, 'టెండర్లు' ఎంచుకోండి.

ఇక 'బిల్లులు'. కొత్త మెయిల్ కోసం థండర్‌బర్డ్ మామూలుగా ఇన్‌బాక్స్‌నే చూస్తుంది. జీమెయిల్ ఫిల్టర్ మెయిల్‌ను ఇన్‌బాక్స్‌కు రానివ్వకుండా నేరుగా లేబుల్‌లోకి పంపితే, ఆ సంగతి దానికి తెలియదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, 'ప్రాపర్టీస్', అందులో కొత్త మెయిల్ తెచ్చేటప్పుడు ఈ ఫోల్డర్‌ని ఎప్పుడూ చూడమనే గడికి టిక్ పెట్టండి. అవసరమైన ఫోల్డర్లకే పెట్టండి, అన్నిటికీ వద్దు. ఒక్కో థండర్‌బర్డ్ సర్వర్‌తో 5 కనెక్షన్ల దాకా తెరిచి ఉంచుతుంది. ఒక ఖాతాకు జీమెయిల్ ఒకేసారి 15 మాత్రమే ఇస్తుంది. మీ నాలుగు కంప్యూటర్లకు 20 అవుతాయి, ఫోన్లు అదనం. కనెక్షన్లు ఎక్కువయ్యాయని అప్పుడప్పుడు ఎర్రర్ వస్తుంటే కారణం ఇదే. 'సర్వర్ సెట్టింగ్స్'లో 'అడ్వాన్స్‌డ్' తెరిచి ప్రతి కంప్యూటర్లోనూ ఆ 5ను 2 చేయండి.

పాత మెయిల్స్ విషయానికొస్తే, తేలికైనది ముందు చూడండి: 'క్విక్ ఫిల్టర్'లో 'అన్‌రీడ్' నొక్కి ఉందేమో. ఆ తర్వాత జీమెయిల్ సెట్టింగ్స్‌లో పాప్/ఐమ్యాప్ ట్యాబ్‌లో ఫోల్డర్ సైజు పరిమితి. అక్కడ 1000 అని ఉంటే పాతవి థండర్‌బర్డ్‌దాకా రావు. పరిమితి వద్దన్న ఎంపికే ఉంచండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా మెయిల్స్ కనబడకపోతే, అప్పుడు ఇండెక్స్ (ఆ ఫోల్డర్లోని మెయిల్స్ జాబితా ఉండే ఫైలు) పాడైందనుకోవాలి. కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయినప్పుడు ఇలా జరుగుతుంటుంది. 'ప్రాపర్టీస్'లోని 'రిపేర్ ఫోల్డర్' ఆ ఇండెక్స్‌ను తీసేసి, సర్వర్లో ఉన్నదాన్ని బట్టి కొత్తగా తయారుచేస్తుంది. అంటే సర్వర్లో లేనిది ఇక్కడా మిగలకపోవచ్చు. అందుకే ముందు బ్రౌజర్లో పోల్చి చూడండి. ఇక్కడ మాత్రమే కనిపిస్తున్న మెయిల్స్ ఉంటే వాటిని 'లోకల్ ఫోల్డర్స్'లోకి కాపీ చేసుకున్నాకే రిపేర్ నొక్కండి. పెద్ద ఫోల్డర్ అయితే చాలాసేపు పడుతుంది, మధ్యలో మూసేయకండి.

ప్రశ్న: ఇదే ఖాతా వల్ల డిస్క్ నిండిపోతోంది. 'సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్'లో పాత మెయిల్స్ తీసేసే ఎంపిక ఉంది. పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: దయచేసి పెట్టుకోకండి. ఫలానా రోజులు దాటినవి తీసేయమంటే కంప్యూటర్లోనే కాదు, సర్వర్లో ఉన్న అసలు మెయిల్స్ కూడా పోతాయి. ఆ మాట ఆ పేజీలోనే రాసి ఉంటుంది, కానీ చాలామంది చదవకుండా దాటేస్తారు. మీకు కావలసింది దాని పైనున్న ఎంపిక: ఇటీవలి 30 రోజులవో, 90 రోజులవో మాత్రమే దించుకోమనేది. దీనివల్ల సర్వర్లోవి అలాగే ఉంటాయి.

జీమెయిల్‌లో డిస్క్ తినేది 'ఆల్ మెయిల్'. ఒకే మెయిల్ లేబుల్‌లో ఒకసారి, 'ఆల్ మెయిల్'లో ఇంకోసారి దిగుతుంది. అదే పేజీలో 'అడ్వాన్స్‌డ్' నొక్కి 'ఆల్ మెయిల్' టిక్ తీసేయండి. ఇకమీదట అది దిగదు.

ప్రశ్న: లేబుల్స్‌కు తెలుగు పేర్లు పెట్టాను. థండర్‌బర్డ్ తన ఫైళ్లు దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్లో '&' గుర్తుతో మొదలయ్యే అర్థంకాని పేర్లు కనిపిస్తున్నాయి. వైరసా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాదు. ఐమ్యాప్ పాత పద్ధతిలో తెలుగు అక్షరాలు '&'తో మొదలై '-'తో ముగిసే కోడ్‌గా వెళ్తాయి. ఆ ఫైళ్ల పేర్లు మార్చకండి, మారిస్తే థండర్‌బర్డ్ వాటిని గుర్తుపట్టదు.