ఊగిసలాట వేరు, మనసు పీకడం వేరు

సందేహం: సిగరెట్ హాని అని తెలిసీ తాగుతూ, "టెన్షన్ తగ్గుతుంది కదా" అనుకునేవాడి స్థితిని ఒక వ్యాసంలో 'సంజ్ఞానాత్మక అసమ్మతి' అన్నారు. ఈ మాట సరైనదేనా? హాయిగా 'ఊగిసలాట' అంటే పోదా?

సమాధానం: రెండూ కుదరవండీ. అసమ్మతి అంటే ఒకరి మాటకు ఇంకొకరు ఒప్పుకోకపోవడం, పార్టీల్లో అసమ్మతి వర్గం ఉంటుందే, అది. దీని ఇంగ్లిషు మూలం 'కాగ్నిటివ్ డిసొనెన్స్'. ఇంగ్లిషులో డిసెంట్ (అసమ్మతి), డిసొనెన్స్ అని చూడ్డానికి దగ్గరగా ఉండే మాటలు రెండున్నాయి, అనువదించినవారు ఒకదాని బదులు ఇంకోటి పట్టుకున్నట్టున్నారు. డిసొనెన్స్ అంటే స్వరాలు కలవక చెవికి ఇబ్బందిగా ఉండటం. ఆ లెక్కన 'అపశ్రుతి' చక్కగా సరిపోవాలి గానీ, ఉత్సవంలో ఎవరికి దెబ్బ తగిలినా 'అపశ్రుతి' అని పత్రికలు రాసీ రాసీ దాన్ని ప్రమాదానికి పర్యాయపదం చేసేశాయి.

ఇక ఊగిసలాట. అదీ, డోలాయమానం, ద్వైధీభావం (కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఇది ఒకరితో సంధి చేసుకుని ఇంకొకరితో యుద్ధం చేసే రాజనీతి!) ఇంకా తేల్చుకోనివాడి గురించి చెప్పే మాటలు. మీరు చెప్పిన మనిషి తేల్చుకున్నాడు, తాగుతున్నాడు కూడా. తెలిసినదానికీ చేస్తున్నదానికీ పొసగక లోపల పీకుతోంది. సిగరెట్ మానడం కష్టం కనక, నమ్మకాన్నే కాస్త పక్కకు జరుపుకుంటున్నాడు.

అమెరికా మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్ 1957లో ప్రతిపాదించింది ఇదే. 1959లో ప్రచురించిన ప్రయోగంలో కార్ల్‌స్మిత్‌ అనే పరిశోధకుడితో కలిసి, విద్యార్థులతో గంటసేపు పరమ విసుగు పని చేయించి, తర్వాత వచ్చేవాళ్లతో 'భలే సరదాగా ఉంది' అని చెప్పమన్నాడు. అందుకు కొందరికి 1 డాలరు, కొందరికి 20. ఆ తర్వాత అడిగితే, పని బాగుందని ఎక్కువగా అన్నది 1 డాలరువాళ్లే. 20 తీసుకున్నవాడికి అబద్ధమాడిన కారణం జేబులోనే ఉంది, 1 తీసుకున్నవాడు మనసుకు సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది.

ఈ 'సర్దిచెప్పుకోవడం' చూడండి. సర్దిచెప్పాలంటే ఇద్దరుండాలి, 'కొను' చేరగానే చెప్పేదీ వినేదీ ఒక్కరే అయిపోయారు. జబ్బుకు పేరు వెతుక్కుంటున్నాం గానీ, దానికి జనం వేసుకునే మందుకు మనకు ఎప్పటినుంచో పేరుంది.

పాఠ్యపుస్తకానికైతే 'సంజ్ఞాన వైరుధ్యం' చాలు. విరుద్ధం నుంచి వచ్చింది కనక 'వైరుద్ధ్యం' అనాలనేవారున్నారు, వాడుక ఎప్పుడో తేల్చేసింది, వదిలేద్దాం. నా అభ్యంతరం వేరే: ఆ మాట రెండూ పొసగవని చెబుతుంది తప్ప బాధను చెప్పదు. 'ద్వంద్వనీతి' మాత్రం వద్దు, అందులో మనసు పీకక్కర్లేదు. ఆ వ్యాసంలోని వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "హాని అని తెలిసీ తాగుతున్నందుకు మనసు పీకుతుంటే, టెన్షన్ తగ్గుతుందని సర్దిచెప్పుకుంటున్నాడు."