డ్రైవర్ లేని సిటీ బస్సులు నిజంగా వస్తాయా?

చిన్న స్థాయిలో వచ్చేశాయి. జపాన్‌లోని ఎయిహెయిజిలో 2023 మేలో డ్రైవర్ లేకుండా చిన్న బండ్లు మొదలయ్యాయి. అయితే అవి తిరిగేది పాత రైలు మార్గాన్ని మార్చిన దారిలో, అదీ మెల్లగా.

పెద్ద బస్సుల సంగతి వేరు. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో దగ్గర 2023 మేలోనే సెల్ఫ్ డ్రైవింగ్ బస్సులు నడిపారు. అయినా సీట్లో సేఫ్టీ డ్రైవర్ ఉండేవాడు, ప్రయాణికులను చూసుకోవడానికి ఇంకొకరు. అంటే మనుషులు తగ్గలేదు, పెరిగారు! చాలినంత మంది ఎక్కక 2025 ఫిబ్రవరిలో ఆపేశారు.

డ్రైవర్ లేని మెట్రోలు 1980ల నుంచే ఉన్నాయి కదా అంటారు. వాటి పట్టాల మీదకి ఆటో, సైకిల్ రావు. రోడ్డు మీద అన్నీ వస్తాయి. పైగా బస్సులో జనం నిలబడి ఉంటారు. ఎదురుగా ఏదో కనిపించిందని కంప్యూటర్ గట్టిగా బ్రేక్ వేస్తే లోపలివాళ్లు పడిపోతారు. బెల్టు పెట్టుకునే కారులో ఈ టెన్షన్ తక్కువ. వీల్‌చైర్ ఎక్కించడం, గొడవ సర్దడం కూడా డ్రైవర్ చేసే పనులే.

నా అంచనా: ముందు డిపోల లోపల, ఎయిర్‌పోర్టుల్లో, బస్సులకే కేటాయించిన లేన్లలో స్థిరపడతాయి. రద్దీ రోడ్ల మీద మాత్రం చాలాకాలం డ్రైవర్ ఉండాల్సిందే.