ఓఎస్‌పీఎఫ్ కాడ ఆగిన పిలగాడికి అప్పు చేసి ఫీజు కట్టాల్నా?

మిర్యాలగూడ నుంచి ఒక నాన్న అడిగిండు: కొడుకు నల్గొండల డిప్లొమా ఈసీఈ చేసి ఇంట్లనే సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ పరీక్ష) చదువుతుండట, వీలాన్ల (ఒక స్విచ్‌నే వేర్వేరు నెట్‌వర్క్‌లుగ విడగొట్టుడు) దాక బాగనే వచ్చిందట, ఓఎస్‌పీఎఫ్ (డేటా పోవాల్సిన దారిని రౌటర్లు, స్విచ్‌లు తామే వెతుక్కునే పద్ధతి) కాడ ఆగిండట. అమీర్‌పేటల ఇన్‌స్టిట్యూటోళ్లు జాబ్ గ్యారంటీ అంటున్నరు, అప్పు తెచ్చి కట్టాల్నా అని.

అన్నా, ఇప్పుడే కట్టకండి. జాబ్ గ్యారంటీ అన్నోడిని ఆ మాట కాయితం మీద రాసియ్యమనండి, అక్కడ్నే సగం తేలిపోతది. ఇగ పిలగాడి సంగతి, అక్కడ ఆగుడు పెద్ద విషయం కాదు, చానామంది ఆడనే ఆగుతరు, ఎందుకంటే అందాక కమాండ్లు బట్టీ కొట్టినా నడుస్తది, ఓఎస్‌పీఎఫ్‌ల నడవది. ఇండ్ల ఒక్కో స్విచ్ పక్కోడి మాట నమ్మి ఊకోదు, ఏరియా మొత్తం మ్యాపు తన దగ్గర పెట్టుకొని దారి తనే లెక్క కడతది, నార్కట్‌పల్లి కాడ రోడ్డు బంద్ అని తెలిస్తే హైదరాబాద్‌కు ఇంకో తొవ్వ తనే చూసుకున్నట్టు.

ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటర్ మీదనే నెట్‌వర్క్ కట్టి చూసే సిస్కో సాఫ్ట్‌వేర్) ఫ్రీనే. అండ్ల 3560 స్విచ్‌లు (రౌటింగ్ గూడ చేసే రకం) రెండు పెట్టుమనండి. ముందు ఐపీ రౌటింగ్ కమాండ్ కొట్టాలె, ఇది మర్చిపోయి ఓఎస్‌పీఎఫ్ నడుస్తలేదు అనేటోళ్లే ఎక్కువ. రెండిటి నడుమ పోర్టుకు నో స్విచ్‌పోర్ట్ (దాన్ని రౌటర్ పోర్టు లెక్క చేసే కమాండ్) ఇచ్చి ఐపీ పెట్టి, నెట్‌వర్క్ కమాండ్‌ల వైల్డ్‌కార్డ్ మాస్క్ సరిగ్గ రాసి (సబ్‌నెట్ మాస్క్‌కు ఉల్టా, 255.255.255.0 కు 0.0.0.255), ఏరియా 0 ఇస్తే నైబర్ (పక్క స్విచ్) ఫుల్ అని వస్తది, అంటే ఇద్దరి మ్యాపులు కలిసినట్టు.

వచ్చినంక ఆపొద్దు, అసలు చదువు ఆడికెళ్లి మొదలు, ఇప్పుడు చెడగొట్టుమనండి. ఒకదిక్కు హలో టైమర్ (నేనున్న అని ఎన్ని సెకన్లకోసారి చెప్పాల్నో) 10 నుంచి 5 చేస్తే ఏమైతది, ఏరియా ఒకదిక్కు 0 ఇంకోదిక్కు 1 పెడితే ఏమైతది, యూజర్ల వీలాన్‌కు పెట్టాల్సిన ప్యాసివ్ ఇంటర్‌ఫేస్ (హలోలు పంపనియ్యని సెట్టింగ్) పొరపాటున స్విచ్‌ల నడుమ లింకుకు పెడితే నైబర్ ఎట్ల పోతది, ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ ఎంత పెద్దగ ఉండొచ్చో ఆ లెక్క) కలవకపోతే ఎక్స్‌స్టార్ట్ (మ్యాపులు మార్చుకునుడు మొదలయ్యే దశ) కాడ ఎందుకు ఇరుక్కుంటది, ఇవన్నీ షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్ కొట్టుకుంట నోట్‌బుక్‌ల రాసుకోవాలె. ఇంటర్వ్యూల అడిగేది ఇదే, డెఫినిషన్ ఎవడడుగుతడు.

నాకిష్టమైన ప్రశ్న ఒకటి చెప్త: ఒకటే వీలాన్‌ల నాలుగు స్విచ్‌లు ఉన్నయ్, రెండిటి నడుమ 2-వే (హలోలు మాత్రమే కలిసిన దశ) కాడనే ఆగింది, ఎట్ల బాగుచేస్తవ్? బాగుచేసేదేం లేదు, డీఆర్ (అందరి తరఫున మ్యాపు సమాచారం పంచే స్విచ్), బీడీఆర్ (దానికి బదులు ఉండేది) కానివి రెండూ అట్లనే ఉంటయ్. తెలియనోడు టైమర్లు మార్చుకుంట కూసుంటడు. కాస్ట్ (దారికి ఓఎస్‌పీఎఫ్ వేసే అంకె, తక్కువున్న దారే పట్టుకుంటది) గూడ చూడుమనండి, ఆ లెక్కకు వాడే రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ మామూలుగ 100 ఎంబీపీఎస్, మార్చకపోతే 1 గిగా లింకు, 10 గిగా లింకు రెండిటికీ కాస్ట్ 1 ఏ వస్తది.

నెల రోజులు ఇట్ల చేసినంక పిలగాడు రాత్రి లేట్ అయినా లేవకుండ నైబర్ ఎందుకు పడిపోయిందో వెతుక్కుంట కూసుంటే ఈ లైన్ వానికి సెట్ అయితది, అప్పుడు కోర్సు కాదు, సీసీఎన్‌ఏ ఎగ్జామ్ ఫీజు కట్టండి. విసుగొచ్చి మూసేస్తే తిట్టకండి. మొదట్ల దొరికేది ఎక్కువగ నాక్ (నెట్‌వర్క్ నడుస్తుందా లేదా చూసుకునే కంట్రోల్ రూమ్) పనే, నైట్ షిఫ్ట్‌లుంటయ్, అంతసేపు ఫోన్‌ల ఇంగ్లీష్‌ల మాట్లాడాలె, అది గూడ ఇప్పుడే చెప్పుండ్రి.