హ్యాంగ్ అప్ అన్నా ‘పెట్టెయ్’ అనే అర్థం

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికా వాళ్ళ కాల్స్ తీసుకునే ఉద్యోగం వచ్చిందని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ట్రైనింగ్‌లో ‘హ్యాంగ్ అప్’, ‘హ్యాంగ్ ఆన్’ రెండూ కలగాపులగం అవుతున్నాయట కదా. దూరపు ఊళ్ళ కాల్స్ చేత్తో కలిపే ట్రంక్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైనదాన్ని, ఇది నన్ను కాక ఎవర్ని అడుగుతావు?

అర్థం బట్టీ పట్టకు, ముందు వస్తువుని చూడు. క్యాండిల్‌స్టిక్ ఫోన్ అని గూగుల్‌లో కొట్టి బొమ్మ తీయి. 1890ల నుంచి 1920ల దాకా అమెరికాలో వాడిన రకం అది. నిలువు కడ్డీ, దాని తలమీద మాట్లాడే గొట్టం, పక్కన ఓ కొక్కెం. చెవి దగ్గర పెట్టుకునే రిసీవర్ విడిగా ఉంటుంది, మాటలయ్యాక ఆ కొక్కేనికి తగిలించాలి. గోడ ఫోన్లదీ ఇదే పద్ధతి. కోటు తీసి మేకుకి తగిలించడాన్ని వాళ్ళు అప్పటికే హ్యాంగ్ అప్ అనేవాళ్ళు, రిసీవర్‌కీ అదే అన్నారు. అసలు పని కొక్కెంలో ఉంది. రిసీవర్ బరువుకి అది కిందికి దిగగానే మాటల సర్క్యూట్ తెగిపోతుంది. రిసీవర్ తీస్తే స్ప్రింగు లేపుతుంది, లైను కలుస్తుంది. అలా తగిలించడమంటే కాల్ ముగించడమే అయిపోయింది. తర్వాత వినేదీ మాట్లాడేదీ ఒకే పిడిలోకి వచ్చాయి, దాన్ని ఫోన్ మీద అడ్డంగా పెట్టేవాళ్ళం. మన ఇళ్ళకొచ్చిన నల్ల ఫోన్లు ఈ రకమే కాబట్టి మనం ‘పెట్టేశాడు’ అన్నాం. వాళ్ళు మాత్రం కొక్కెం పోయినా పాత మాట వదల్లేదు.

ఎక్స్ఛేంజిలో మా స్విచ్‌బోర్డు మీద, ఎవరైనా ఫోన్ పెట్టేస్తే వాళ్ళ లైను కలిపిన తీగ తాలూకు చిన్న దీపం వెలిగేది. అది చూసి ఆ తీగ పీకేసేవాళ్ళం. దీపం వెలక్కముందే పీకితే అవతలివాళ్ళ తిట్లు వినాలి!

ఇక నీ పని సంగతి. ‘కట్ ద కాల్’, ‘ఐ యామ్ కీపింగ్ ద ఫోన్’ అనే అలవాటుంటే ఈ వారంలోనే మానెయ్. మొదటిది మన దేశంలో చెల్లుతుంది, రెండోది ‘ఫోన్ పెట్టేస్తున్నా’ని మక్కికి మక్కి దించింది, అమెరికావాడు ఫోన్ ఎక్కడ దాచుకుంటున్నావో అనుకుంటాడు. నువ్వు పెట్టెయ్యబోతుంటే ‘హ్యాంగ్ అప్’ అను. జరిగిపోయినదానికి ‘హంగ్ అప్’. ‘హ్యాంగ్డ్’ అనకు, అది ఉరితీతకి వాడే మాట.

‘హ్యాంగ్ అప్ ఆన్ మీ’ అని ఎవరైనా అంటే జాగ్రత్త. వెనక ‘ఆన్’ చేరిందంటే మాట మధ్యలో మొహమ్మీద పెట్టేశారని ఫిర్యాదు. ఆ కస్టమర్‌తో ముందు సారీ చెప్పి, తర్వాతే అకౌంట్ నంబర్ అడుగు. ‘హ్యాంగ్ ఆన్’ అన్నారా, లైన్లోనే ఉండమని. అప్పుడు పెట్టేశావో, తర్వాతి ఫోన్‌లో ఆ ‘అప్ ఆన్ మీ’ వినాల్సింది నువ్వే. నువ్వు ఆగమనాలంటే మాత్రం ‘హ్యాంగ్ ఆన్’ వద్దు, అది స్నేహితుల మధ్య మాట. ‘కుడ్ యూ ప్లీజ్ హోల్డ్’ అను.

‘అప్’ కనబడ్డ ప్రతిచోటా పైకి అని అనుకోకు. ‘ఈట్ అప్’ అంటే తినెయ్, ‘డ్రింక్ అప్’ అంటే తాగెయ్. పని పూర్తిచెయ్యమనడానికి మనం చివర ‘ఎయ్’ తగిలిస్తాం, వాళ్ళు ‘అప్’ తగిలిస్తారు. ఈ కిటుకుతో సగం అప్‌లు లొంగుతాయి. ‘గివ్ అప్’ లాంటివి లొంగవు, వాటిని వాక్యంతో సహా రాసుకో.

కాల్ చివర కస్టమర్ పెట్టేసేదాకా ఆగు, నువ్వు ముందు పెట్టకు. ఆదివారం ఫోన్ చెయ్యి, ‘కాల్ బ్యాక్’, ‘పుట్ త్రూ’ సంగతి చెప్తాను. మధ్యాహ్నం రెండు దాటాక చెయ్యి, అంతకుముందు మీ పెదనాన్న భోజనం గొడవ ఉంటుంది.

మీ పెద్దమ్మ